ఇంటర్నేషనల్ స్కూల్ బలాలు, లోపాలు ఎలా తేల్చాలి? బ్రోషర్ పక్కన పెట్టి నోటుబుక్కు తెరవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ పిల్లలు చదివే ఇంటర్నేషనల్ స్కూల్‌కి ఐదేళ్లకోసారి జరిగే ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియెట్, అంటే స్కూళ్లకి ప్రోగ్రామ్‌లు, పరీక్షలు ఇచ్చే సంస్థ) మూల్యాంకనం దగ్గరపడింది. దానికి ముందు స్కూలు తనను తాను పరిశీలించుకుని ఒక నివేదిక రాయాలి. ఆ కమిటీలో తల్లిదండ్రుల తరఫున మిమ్మల్ని వేశారు. 'బలాలు', 'మెరుగుపరచుకోవాల్సినవి' అని రెండు గళ్లున్న ఫారం చేతికిచ్చి నింపమన్నారు. బ్రోషర్ చూస్తే అంతా బ్రహ్మాండం, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు చూస్తే అంతా అధ్వానం, టీచర్లు వెళ్లిపోతున్నారని ఫిర్యాదులు. దేన్ని నమ్మాలి, ఏం రాయాలి? పైగా, ఉన్నదున్నట్టు రాస్తే పిల్లల మీద ఏమైనా ప్రభావం పడుతుందేమోనన్న టెన్షన్ కూడా ఉందన్నారు.

ఆ రెండిటినీ నమ్మకండి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి స్కూళ్లలో పాఠాలు చెప్పాను, కోఆర్డినేటర్‌గా చేశాను, వేరే స్కూళ్లను చూడడానికి వెళ్లే బృందాల్లోనూ ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే. స్కూలు ఏదైనా ఒక మాట చెబితే దాని వెంటపడాలి. ఆ మాట ఆఫీసు ఫైల్లోంచి బయల్దేరి, టీచరు ప్లాన్ దాటి, క్లాసు దాటి, ఒక పిల్లవాడి నోటుబుక్కు దాకా వచ్చిందా? వస్తే అది బలం. దారిలో ఎక్కడ ఆగిపోయిందో చూస్తే, రెండో గడిలో ఏం రాయాలో తెలుస్తుంది.

ఉదాహరణకి ఒక స్కూల్లో జరిగింది చెప్తాను. వాళ్ల అసెస్‌మెంట్ పాలసీలో 'విద్యార్థులు ఫీడ్‌బ్యాక్‌ని ఉపయోగించుకుని తమ పనిని మెరుగుపరచుకుంటారు' అని ఉంది. ఏడో తరగతి సైన్స్ నోటుబుక్కులు కొన్ని తెప్పించుకున్నాను. ఒక అమ్మాయి పుస్తకంలో నాలుగు నెలల్లో నాలుగు ప్రయోగాలున్నాయి. నాలుగింటి కిందా ఆకుపచ్చ ఇంకుతో ఒకటే మాట: 'బాగుంది. కారణం ఇంకా వివరంగా రాయి.' నాలుగుసార్లూ ఆ అమ్మాయి ముగింపు రెండు వాక్యాలే. టీచరు బద్ధకస్తురాలేం కాదు, క్లాసులో చూస్తే అద్భుతంగా చెప్తోంది. మరి ఎక్కడ తెగింది? టైమ్‌టేబుల్లో. ఒక యూనిట్ అయిన మర్నాడే ఇంకో యూనిట్ మొదలవుతోంది. తిరిగి రాయడానికి పీరియడే లేదు. రాసిన మాట చదువుకోవడానికి కూడా పిల్లలకి సమయం లేదు. అక్కడ నివేదికలో 'ఫీడ్‌బ్యాక్ నాణ్యత పెంచాలి' అని రాసుంటే ఆ టీచరుకి ఇంకో వర్క్‌షాప్ పెట్టేవాళ్లు, అంతే. 'ప్రతి యూనిట్ చివర తిరిగి రాయడానికి రెండు పీరియడ్లు కేటాయించాలి' అని రాశాం కాబట్టి పని జరిగింది.

'ఇంటర్నేషనల్' అన్న మాట దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగండి. 1924లో జెనీవాలో నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉద్యోగుల పిల్లల కోసం ఒక స్కూలు పెట్టినప్పుడు ఆ మాటకి అర్థం తేలికగానే ఉండేది: వేర్వేరు దేశాల పిల్లలు ఒకచోట చదవడం. ఆ తర్వాత 1968లో అదే ఊళ్లో ఐబీ సంస్థ పుట్టింది. ఇవాళ చాలా చోట్ల ఆ మాట ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. కాబట్టి 'మాది ఇంటర్నేషనల్ స్కూల్' అన్నది బలం కాదు, అది పేరు. 'ఐబీ వరల్డ్ స్కూల్' అంటే అనుమతి వచ్చినట్టు, 'క్యాండిడేట్ స్కూల్' అంటే ఇంకా రానట్టు. అనుమతి కూడా ప్రోగ్రామ్ వారీగా ఉంటుంది. ప్రైమరీకి ఉన్నంత మాత్రాన డిప్లొమాకి (చివరి రెండేళ్ల ప్రోగ్రామ్‌కి) ఉన్నట్టు కాదు. కొత్త తల్లిదండ్రులు తరచూ తికమకపడేది ఇక్కడే.

నేనైతే మొదట చూసేది భాష. ఎక్కువ స్కూళ్లు తమను తామే మోసం చేసుకునేది ఈ విషయంలోనే. కొత్తగా చేరిన పిల్ల ఏడాది తిరక్కుండానే గ్రౌండ్‌లో గలగలా ఇంగ్లీషు మాట్లాడేస్తుంది. టీచర్లు సంబరపడతారు, అమ్మానాన్నలు ఇంకా సంబరపడతారు. 'భాష వచ్చేసింది' అని ప్రత్యేక సాయం ఆపేస్తారు. 1979లో జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త మాటామంతీకి పనికొచ్చే భాష వేరు, చదువుకి కావాల్సిన భాష వేరు అని విడదీసి చూపించారు. మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది. రెండోదానికి మామూలుగా ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఇంటర్నేషనల్ స్కూళ్ల టీచర్లలో ఈ లెక్క వినని వాళ్లు తక్కువ. దాని ప్రకారం టైమ్‌టేబుల్ వేసే స్కూళ్లు అంతకన్నా తక్కువ.

ఒకసారి ఎనిమిదో తరగతి జాగ్రఫీ క్లాసులో ఒక కుర్రాడి పక్కన కూర్చున్నాను. నది ఒడ్డు కోత గురించి పాఠం. వాడి నోటుబుక్కు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది, బొమ్మకి రంగులు కూడా వేశాడు. బోర్డు మీది వాక్యం పొల్లుపోకుండా ఎక్కించుకున్నాడు. 'ఎరోజన్' (కోత), 'డిపోజిషన్' (మేట వేయడం) అంటే ఏమిటని అడిగితే టకటకా చెప్పాడు, ఆ రెండు మాటలూ బొమ్మలతో సహా గోడ మీదే ఉన్నాయి మరి. సరే, ఆ రెండు మాటల మధ్యలో ఉన్న 'వేరాజ్' (whereas, 'అదే ఇదైతే' అని పోల్చే మాట) అంటే ఏమిటి అని అడిగాను. నవ్వాడు. తెలియదు. అంటే ఆ వాక్యం ఒకదాన్ని ఇంకోదానితో పోలుస్తోందన్న సంగతే వాడికి తెలియదు. పరీక్షలో 'రెండిటి మధ్య తేడా రాయండి' అని వస్తే వాడు రెండు నిర్వచనాలు రాసి ఊరుకుంటాడు, సగం మార్కులు పోతాయి. టీచరు 'చదవలేదు' అనుకుంటుంది. ఆ స్కూలు పాలసీ తీసి చూస్తే, అందరికీ భాషా సాయం రెండేళ్లు అని ఉంది. వీడు మూడో ఏడు. చూడండి, ఇక్కడ తెగిందేమీ లేదు. పాలసీ అనుకున్నట్టే నోటుబుక్కు దాకా వచ్చింది. పాలసీయే తప్పు. ఇలాంటివి దొరికినప్పుడు వదలకండి.

మీ స్కూల్లో ఇవి అడగండి. ఇంగ్లీషు అదనపు భాషగా నేర్చుకునే పిల్లల్ని సాయం కోసం ఏ పీరియడ్ నుంచి బయటికి తీసుకెళ్తున్నారు? చాలా చోట్ల మ్యూజిక్, ఆర్ట్ పీరియడ్లు తీసేస్తారు, అంటే ఆ పిల్ల భాష లేకుండా కూడా రాణించగలిగే ఒక్క చోటునీ లాగేసుకుంటారు. సాయం ఇక చాలని ఎవరు నిర్ణయిస్తున్నారు, దేని ఆధారంగా? సైన్స్, హిస్టరీ టీచర్లకి ఈ పిల్లలకి ఎలా చెప్పాలో శిక్షణ ఉందా, లేక అది భాషా టీచరు పనే అని వదిలేశారా? పిల్లల ఇంటి భాషల్లో లైబ్రరీలో ఎన్ని పుస్తకాలున్నాయి, వాటిని ఎవరైనా ఇంటికి తీసుకెళ్తున్నారా? డిప్లొమా స్థాయిలో పిల్లలు ఇంటి భాషని కూడా సాహిత్య సబ్జెక్టుగా తీసుకుని బైలింగ్వల్ డిప్లొమా తెచ్చుకుంటుంటే, అది మొదటి గడిలో గర్వంగా రాయదగిన విషయం.

'మా దగ్గర ఇన్ని దేశాల పిల్లలున్నారు' అనేది సంఖ్య మాత్రమే. భోజనం వేళ హాల్లో పది నిమిషాలు నిలబడండి. ఒక్కో టేబుల్‌కి ఒక్కో భాష ఉంటే, అందరూ ఒక గేటులోంచి వస్తున్నారన్నమాటే గానీ కలిసి పెరుగుతున్నారని కాదు.

ఇక రిజల్ట్స్. అందరి కళ్లూ దీని మీదే ఉంటాయి గనుక కొంచెం వివరంగా చెప్తాను. ఐబీ డిప్లొమాలో ఆరు సబ్జెక్టులకి ఒక్కోదానికి 7 చొప్పున 42, థియరీ ఆఫ్ నాలెడ్జ్ అనే కోర్సు, ఎక్స్‌టెండెడ్ ఎస్సే అనే పెద్ద వ్యాసం కలిపి 3, మొత్తం 45. పాస్ కావాలంటే మిగతా షరతులతో పాటు కనీసం 24 రావాలి. ప్రపంచ సగటు దాదాపు 30 దగ్గర తిరుగుతుంది. మీ స్కూలు సగటు 34 అని పోస్టర్ వేస్తే మూడు ప్రశ్నలు వేయండి.

మొదటిది, ఆ సగటు ఎంతమందిది? పదకొండో తరగతిలో ఎంతమంది చేరారు, వాళ్లలో ఎంతమంది పూర్తి డిప్లొమా రాశారు, ఎంతమందిని మధ్యలో 'కోర్సులు మాత్రమే' (పూర్తి డిప్లొమా లేకుండా కొన్ని సబ్జెక్టులే రాయడం) వైపు మళ్లించారు? కొందరికి ఆ దారి నిజంగానే మంచిది. కానీ ఏటా బలహీనమైన పిల్లలందరూ అటే వెళ్తుంటే సగటు దానంతటదే పెరుగుతుంది, అందులో స్కూలు గొప్పేమీ లేదు. రెండోది, బ్యాచ్ ఎంత పెద్దది? 20 మంది బ్యాచ్‌లో ఇద్దరికి పది పాయింట్ల చొప్పున తగ్గితే చాలు, సగటు ఒక పాయింట్ పడిపోతుంది. అందుకే ఒక్క ఏడాది చూసి పండగ చేసుకోవద్దు, ఏడవద్దు. ఐదేళ్లవి పక్కపక్కన పెట్టండి. అయితే 2020, 2021 సంవత్సరాలని విడిగా చూడండి. 2020 మేలో పరీక్షలే రద్దయ్యాయి, 2021లో కొన్ని దేశాల్లో జరిగాయి, కొన్నింట్లో జరగలేదు. ఆ రెండేళ్లని గ్రాఫ్‌లో మామూలుగా కలిపేసి 'తర్వాత పడిపోయాం' అని బాధపడే స్కూళ్లని చూశాను.

మూడోది అసలైనది. ఆ పిల్లలు లోపలికి వచ్చినప్పుడు ఎక్కడున్నారు? పిల్లల స్థాయి కొలిచే క్యాట్ ఫోర్, మ్యాప్ లాంటి టెస్టులు చాలా స్కూళ్లు పెడతాయి. డబ్బు కట్టి పెట్టించి, ఫైల్లో దాచి మరిచిపోతాయి. చేరినప్పటి స్థాయిని బట్టి రావాల్సినదానికన్నా ఎక్కువ తెచ్చుకున్నారా, తక్కువా? 29 సగటు తెచ్చుకున్న స్కూలు 34 తెచ్చుకున్న స్కూలుకన్నా పిల్లలకి ఎక్కువ మేలు చేసి ఉండొచ్చు.

ఇంకో కాగితం కూడా అడగండి, మామూలుగా తల్లిదండ్రుల కంట పడనిది: సబ్జెక్టు వారీగా ప్రెడిక్టెడ్ గ్రేడ్లు (పరీక్షకి ముందే టీచరు వేసే అంచనా), అసలు గ్రేడ్లు పక్కపక్కన. ప్రెడిక్టెడ్ గ్రేడ్ల మీదే యూనివర్సిటీలు షరతులతో సీటిస్తాయి. ఒక సబ్జెక్టులో ఏటా 6 అని చెప్పి 5, 4 వస్తుంటే, టీచరు ప్రేమతో వేసిన ఆ అంకె రిజల్ట్స్ వచ్చాక పిల్లవాడి సీటు మీదికి తెస్తుంది. అలాగే ఇంటర్నల్ అసెస్‌మెంట్ మార్కులు. టీచరు వేసిన మార్కుల్ని ఐబీ శాంపిల్ తెప్పించుకుని సరిచూస్తుంది. ఏటా ఒకే సబ్జెక్టులో మార్కులు కిందికి దిగుతుంటే ఆ డిపార్ట్‌మెంట్‌కి ప్రమాణం సరిగా తెలియడం లేదన్నమాట. మీకు పిల్లల పేర్లు అక్కర్లేదు, పేర్లు తీసేసి పట్టిక ఇవ్వమనండి. 'అది కాన్ఫిడెన్షియల్' అంటే, పేర్లు లేని పట్టికలో కాన్ఫిడెన్షియల్ ఏముందని మర్యాదగా అడగండి.

టీచర్లు వెళ్లిపోతున్నారన్న ఫిర్యాదు మీ ప్రశ్నలోనూ ఉంది. ఇంటర్నేషనల్ స్కూళ్లలో మొదటి కాంట్రాక్టు తరచూ రెండేళ్లది. కాబట్టి కొంత రాకపోకలు మామూలే. స్కూలు 'ఏటా పదిహేను శాతమే' అని చెబుతుంది, ఆ శాతం నిజమే కావచ్చు. కానీ శాతాన్ని చూడకండి, పిల్లవైపు నుంచి లెక్కేయండి. 'ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లకి మూడేళ్లలో ఎంతమంది మ్యాథ్స్ టీచర్లు మారారు?' ఒక స్కూల్లో ఇదే అడిగితే జవాబు ఐదు. మొత్తం స్కూలు శాతం మాత్రం చక్కగా ఉంది, ఎందుకంటే ప్రైమరీలో ఎవరూ కదల్లేదు. ఆ తర్వాతి ప్రశ్న: టీచరు వెళ్లేటప్పుడు ఏం వదిలి వెళ్తున్నారు? యూనిట్ ప్లాన్లు, ఏ పిల్లకి ఏం రావడం లేదన్న నోట్సు తర్వాతివారికి అందుతున్నాయా, లేక ఆగస్టులో వచ్చిన కొత్త టీచరు సున్నా నుంచి మొదలెడుతున్నారా? మనుషులు మారినా పని ఆగని స్కూలుంటే అది పెద్ద బలం. ఇంకో సున్నితమైన సంగతి, విదేశాల నుంచి తెచ్చుకున్న వాళ్లకి, స్థానికంగా తీసుకున్న వాళ్లకి వేర్వేరు జీతాలుంటాయి చాలా చోట్ల. జీతాల జోలికి మీ కమిటీ వెళ్లలేదు. కానీ శిక్షణకి పంపేది ఎవరిని, హెడ్ ఆఫ్ డిపార్ట్‌మెంట్ చేసేది ఎవరిని అన్నది మాత్రం అడగొచ్చు.

బాలల రక్షణ గురించి చిన్న సంఘటన. 2014లో ఇంటర్నేషనల్ స్కూళ్ల సంస్థలు కొన్ని కలిసి దీని మీద ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టుకున్నాయి. ఆ తర్వాత అక్రెడిటేషన్ (స్కూలుకి బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు) ప్రమాణాలు బాగా బిగిశాయి. కాబట్టి ఇప్పుడు పాలసీ లేని స్కూలు మీకు కనపడదు. నేను ప్రిన్సిపాల్‌ని అడగను, ఆయనకి జవాబు కంఠతా వచ్చు. ఒక చోట సాయంత్రం బస్సు దగ్గర నిలబడి, బస్సులో పిల్లల్ని చూసుకునే ఆవిడని అడిగాను: 'అమ్మా, ఒక పిల్ల మీ దగ్గరికొచ్చి, ఎవరికీ చెప్పనంటే ఒక సంగతి చెప్తానంటే ఏం చేస్తారు?' ఆవిడ ఆలోచించలేదు. 'చెప్పనని మాటివ్వకూడదు సార్. వింటాను, ప్రశ్నలు వేయను, ఆ రోజే ఫలానా మేడమ్‌కి చెప్తాను' అని మెడలో ఐడీ కార్డు తిప్పి వెనక ఉన్న నంబరు చూపించింది. ఆ స్కూలు బిల్డింగ్ అంతంతమాత్రం, ల్యాబ్ పాతది. అయినా ఆ నివేదికలో మేం రాసిన మొదటి బలం అదే.

బిల్డింగ్ అంటే గుర్తొచ్చింది, ఒక ఉచ్చు గురించి హెచ్చరిస్తాను. 'మెరుగుపరచుకోవాల్సినవి' అన్న గడి దగ్గర కమిటీలన్నీ వస్తువుల వైపు పరిగెడతాయి. ఇంకో ల్యాబ్ కావాలి, వైఫై బాగుండాలి, ఆటస్థలం పెంచాలి. ఎందుకంటే వస్తువు లేదంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. యాజమాన్యం కూడా సంతోషంగా ఒప్పుకుంటుంది, ఎందుకంటే అది ఫొటో తీసి చూపించగలిగే పని. మీ ఫారంలో రెండో గడి నిండా వస్తువులే ఉంటే, కమిటీ అసలు మాట్లాడాల్సిన విషయం మాట్లాడలేదని మూల్యాంకనానికి వచ్చే విజిటింగ్ టీమ్‌కి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

రాసేటప్పుడు ఇంకో సంగతి. బలం, లోపం తరచూ ఒకే వస్తువుకి రెండు వైపులు. 'చిన్న స్కూలు, ఒకరికొకరు అందరూ తెలుసు' అన్నది నిజమైన బలమే. కానీ అందరూ తెలుసు కాబట్టి ఏదీ రాసిపెట్టుకోరు. తెలిసినావిడ సెలవు పెట్టిన రోజు ఏ పిల్లకి ఏ అలర్జీ ఉందో చెప్పేవాళ్లుండరు. 'టీచర్లు పిల్లలకి ఎంతో సాయం చేస్తారు' అన్నచోట, పన్నెండో తరగతిలో కూడా పిల్లలు సొంతంగా ఒక పేజీ ప్లాన్ చేసుకోలేకపోతున్నారేమో చూడండి. అలాంటప్పుడు రెండు గళ్లలోనూ రాయండి, తప్పేం లేదు.

వాక్యం ఎలా ఉండాలంటే, 'ఉపాధ్యాయులు అంకితభావంతో పనిచేస్తున్నారు' అన్నది ఏ స్కూలుకైనా అతికే మాట. దాన్ని కొట్టేయండి. '3 నుంచి 5 తరగతుల్లో పిల్లలు ఫీడ్‌బ్యాక్‌ని తర్వాతి రాతలో వాడుతున్నారు, చూసిన 24 నోటుబుక్కుల్లో 19లో కనిపించింది' అని రాయండి. అప్పుడు ఎవరైనా వచ్చి సరిచూసుకోవచ్చు. 'కమ్యూనికేషన్ మెరుగుపడాలి' అని కూడా రాయకండి. ఎవరు, ఎవరికి, ఏ విషయం, ఎప్పటిలోగా? మెరుగుపరచాల్సినవి మూడో నాలుగో చాలు. పద్దెనిమిది రాస్తే ఒక్కటీ జరగదు. ప్రతిదాని పక్కనా అది జరిగిందని ఏడాది తర్వాత దేన్ని చూసి చెప్పగలమో రాయించండి.

వాట్సాప్ గ్రూపుని పూర్తిగా తోసిపుచ్చమనడం లేదు. అక్కడ వచ్చే ఫిర్యాదుల్ని తీర్పులా కాకుండా ఆనవాళ్లలా వాడుకోండి. ఒకే విషయం వేర్వేరు తరగతుల తల్లిదండ్రుల నోట మూడుసార్లు వస్తే, ఆ తరగతుల నోటుబుక్కులు తెప్పించుకుని చూడండి. సర్వే పెడితే ఎంతమందికి పంపారు, ఎంతమంది నింపారు అన్నది కూడా రాయండి. 400 కుటుంబాల్లో 60 మంది నింపిన సర్వేతో 'తల్లిదండ్రులు సంతృప్తిగా ఉన్నారు' అని రాయలేం, లేరని కూడా రాయలేం.

చివరగా మీ టెన్షన్ గురించి. మీ పిల్లల సొంత సమస్య ఏదైనా ఉంటే కమిటీలో ఎత్తకండి, దానికి క్లాస్ టీచరు, కోఆర్డినేటర్ ఉన్నారు. ఒక్కసారి ఎత్తితే ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి మాటా 'ఆవిడ బాబు గురించేలే' అయిపోతుంది. టీచర్ల పేర్లు, గుర్తుపట్టగలిగే వివరాలు రాయకండి. డిపార్ట్‌మెంట్, తరగతి స్థాయి చాలు. ఎక్కువ ప్రిన్సిపాళ్లు మీరనుకున్నంత భయస్తులేం కారు. వచ్చే బృందం ఎలాగూ కనిపెడుతుంది, 'తప్పక సరిదిద్దాల్సిన అంశం' అని బయటివాళ్లు రాయడం కన్నా 'మేమే గుర్తించి పని మొదలుపెట్టాం' అని స్కూలే రాసుకోవడం వాళ్లకీ మేలు. మీరు రాసింది కొంత మెత్తబరచమంటారు, తప్పదు. మాటలు మార్చమంటే మార్చండి. 24లో 19 అన్న అంకెని మాత్రం తీయనివ్వకండి.

మీటింగ్ వచ్చే వారమే అన్నారు కాబట్టి ఇప్పుడే ఒక మెయిల్ పెట్టండి. తరగతికి నాలుగు చొప్పున నోటుబుక్కులు, కొత్తగా చేరిన వాళ్లవి, చాలాకాలంగా ఉన్న వాళ్లవి సమానంగా. ఏవి ఇవ్వాలో టీచర్లని ఎంచమనకండి, అటెండెన్స్ లిస్టులో ప్రతి ఐదో పేరు తీయమనండి.